శ్లాబుకు నీళ్ళు పట్టేదెవరు?

సంక్రాంతి వెళ్ళిన మరుసటి వారం మా మేనల్లుడు చదివే డిగ్రీ కాలేజీ వాళ్ళు తమ ఎన్.ఎస్.ఎస్. (జాతీయ సేవా పథకం) ప్రత్యేక శిబిరాన్ని మా ఊళ్ళో పెట్టారు. పిల్లలకు హైస్కూలులో బస, ఏడు రోజుల కార్యక్రమం. మూడో రోజు పని ఊరి చివర పేదల ఇళ్ళ కాలనీలో. అంతకు ముందు రాత్రి అక్కడ ఒక ఇంటికి ఇటుకల లోడు వచ్చింది కానీ, లోపలి మట్టిదారిలో చక్రాలు దిగబడతాయని డ్రైవరు పుంత మొగలోనే దించేసి వెళ్ళిపోయాడు. నలభై మంది పిల్లలు పుంత దగ్గర నుంచి పునాది దాకా వరుసగా నిలబడి, ఒకరి చేతిలోంచి మరొకరు అందుకుంటూ, భోజనాల వేళకు మూడు వేల ఇటుకలనూ ఇంటి ముందు పేర్చేశారు. మా ఊరి పిల్లలూ పొరుగూరి పిల్లలూ అలా ఎండలో నవ్వుకుంటూ పనిచేయడం చూసి నాకు చాలా సంతోషం కలిగింది.

పదిహేను రోజుల తరువాత అటు వెళితే ఆ ఇటుకలు పేర్చినవి పేర్చినట్టే ఉన్నాయి. ఆ ఇల్లు మంజూరైంది అరవై దాటిన ఒక పెద్దావిడ పేరు మీద. కూతురు కువైట్‌లో ఇంటిపనికి వెళ్ళింది. ఏడో తరగతి చదువుతున్న మనవడు ఈవిడ దగ్గరే పెరుగుతున్నాడు. "ఆ బాబులు మళ్ళీ ఎప్పుడొస్తారండీ?" అని ఆవిడ నన్ను అడిగింది. ఆ అడగడంలో నిష్ఠూరమేమీ లేదు. వాళ్ళు మళ్ళీ వస్తారనే ఆవిడ నమ్ముతోంది. మేస్త్రి తాను ఒప్పుకున్న మరో పనికి వెళ్ళిపోయాడు. ఆయన తిరిగి రావాలంటే ఇసుకా సిమెంటూ సిద్ధంగా ఉండాలి, అవి రావాలంటే ముందు దశ బిల్లు పడాలి, బిల్లు పడాలంటే ఎవరో ఒకరు గ్రామ సచివాలయానికి వెళ్ళి పునాది ఫోటో ఇంకా ఎందుకు ఎక్కలేదో కనుక్కోవాలి. ఇన్నింటి వెంట తిరిగే మనిషి ఆ ఇంట్లో లేరు.

ఇల్లు కట్టుకుంటున్న పేద కుటుంబానికి మన పిల్లలు చేయగలిగిన సాయం ఏమిటన్న ప్రశ్న ఆనాటి నుంచి నన్ను వదలలేదు. నలభై మంది ఒక పూట వచ్చి చేసే పని కంటే, ఇద్దరు పిల్లలు ఆ ఇల్లు శ్లాబు పడి గట్టిపడేదాకా దాన్ని కనిపెట్టుకుని ఉండడం ఎన్నో రెట్లు ఎక్కువ ఉపకారమని నేను అనుకుంటున్నాను. ఈ అభిప్రాయానికి ఎదురయ్యే అభ్యంతరాలు కూడా చిన్నవి కావు. వాటిలో కొన్నింటికి నా దగ్గర సమాధానం ఉంది, కొన్నింటికి సగమే ఉంది.

ఇల్లు ఎక్కడ ఆగిపోతుంది

మన గోదావరి డెల్టాలో పేదల ఇంటి స్థలం చాలాచోట్ల వరిచేను నుంచి తీసిన పల్లపు భూమి. గ్రామాల్లో ఇచ్చిన పట్టా ఒకటిన్నర సెంటు, అంటే సుమారు 73 చదరపు గజాలు. 1986 ఆగస్టు వరదనూ 2022 జులై వరదనూ చూసినవాళ్ళెవరూ మెరక చేయకుండా ఇక్కడ పునాది తీయరు. ఆ కాస్త స్థలాన్ని మూడడుగుల ఎత్తు లేపాలన్నా రెండు వేల ఘనపుటడుగులకు కొంచెం తక్కువగా మట్టి పడుతుంది. ట్రాక్టరుకు వంద ఘనపుటడుగుల లెక్కన చూసుకుంటే ఇరవై ట్రిప్పులు. ఇంటి పని మొదలుకాకముందే ఇంత ఖర్చు. కింద ఉన్న నల్లమట్టి ఎలాగూ వానకు ఉబ్బి ఎండకు బీటలిస్తుంది; దానికి తోడు, పోసే మట్టిని పొరలు పొరలుగా తడిపి దిమ్మిస కొట్టకపోతే ఏడాది తిరక్కుండానే గచ్చు కుంగుతుంది. ఆ తడపడం, దిమ్మిస వేయడం కూలి లెక్కలో సాధారణంగా ఉండవు. ఇంటివాళ్ళే చేసుకోవాలి, చేసుకునే మనిషి లేకపోతే ఆ పని జరగదు.

తరువాత బిల్లులు. బేస్‌మెంటు, రూఫ్ లెవెలు, శ్లాబు అని దశలుంటాయి. ఒక్కో దశ పూర్తయి ఫోటో యాప్‌లోకి ఎక్కితేనే ఆ దశకు సంబంధించిన సొమ్ము ఖాతాలో పడుతుంది. ప్రజాధనానికి ఆ జాగ్రత్త ఉండవలసిందే. కానీ దశ పూర్తయ్యాక బిల్లంటే, ప్రతి దశకూ ముందు పెట్టుబడి ఇంటివాళ్ళదే. చేతిలో డబ్బు లేనివాళ్ళు డ్వాక్రా గ్రూపులోనో, నూటికి మూడు రూపాయల వడ్డీకి బయటో తెచ్చి పెడతారు. ఫోటో ఎక్కడం నెల ఆలస్యమైతే ఒక నెల వడ్డీ పెరుగుతుంది, మేస్త్రి ఇంకో ఇల్లు ఒప్పుకుంటాడు. ఆధార్‌లో ఒక అక్షరం, బ్యాంకు పుస్తకంలో ఇంకో అక్షరం ఉండడం వల్ల ఆగిపోయిన ఇల్లు ఆ కాలనీలోనే నాకు తెలుసు. బీకాం చదివే పిల్లవాడికి అది ఒక మధ్యాహ్నం పని. ఆ ఇంటి ఇల్లాలికి మాత్రం నాలుగు రోజుల కూలి పోగొట్టుకుని తిరగవలసిన పని.

అన్నిటికంటే ముఖ్యమైనది నీళ్ళు. కాంక్రీటు ఎండితే గట్టిపడుతుందని చాలామంది అనుకుంటారు. అది తడిలోనే గట్టిపడుతుంది. సిమెంటుకూ నీటికీ మధ్య జరిగే రసాయన చర్య కొనసాగాలంటే తేమ ఆరకూడదు. మామూలు సిమెంటయితే కనీసం 7 రోజులు, బూడిద కలిసిన సిమెంటయితే కనీసం 10 రోజులు తడిగా ఉంచాలని మన దేశపు కాంక్రీటు ప్రమాణం ఐ.ఎస్. 456 చెబుతోంది. శ్లాబు మీద చిన్న చిన్న మళ్ళు కట్టి నీళ్ళు నిలపాలి, గోడలకు పొద్దున్నా సాయంత్రమూ కొట్టాలి. ఏ నీళ్ళో కూడా చూసుకోవాలి. రాజోలు వైపు మా ఊళ్ళలో బోరు వేస్తే చాలాచోట్ల ఉప్పునీరే పడుతుంది. ఆ నీళ్ళు లోపలి ఇనుముకు తుప్పు పట్టించి పదేళ్ళలో శ్లాబును పెచ్చులు పెచ్చులుగా రాలుస్తాయి. మాకు మంచినీళ్ళంటే పి.గన్నవరం అక్విడెక్టు (నది మీదుగా కాలువను దాటించే వంతెన) దాటి వచ్చే కాలువ నీళ్ళే. ఆ కాలువలను ఏటా దాళ్వా (రెండో పంట) కోతల సమయానికి మరమ్మతుల కోసం కట్టేస్తారు. పేదల ఇళ్ళకు శ్లాబులు ఎక్కువగా పడేది కూడా ఆ ఎండాకాలంలోనే. ఇంటివాళ్ళు పొద్దున్న ఆరింటికి కూలికి పోయి సాయంత్రం ఆరింటికి వస్తే, నడినెత్తిన ఎండలో కొత్త శ్లాబు మీద నీళ్ళు ఇగిరిపోతుంటే చూసే దిక్కు ఉండదు.

కాలనీలో శ్లాబు బీటలిచ్చిన ఇల్లొకటి ఉంది. మేస్త్రి సిమెంటు తక్కువ వేశాడని ఇంటివాళ్ళు అంటారు; మూడో రోజుకే నీళ్ళు ఆపేశారని మేస్త్రి అంటాడు. ఎవరి మాట నిజమో తేల్చే రాత ముక్క ఎవరి దగ్గరా లేదు.

కూలి మాట

శిబిరంలో ఇటుకలు మోసిన నాడే ఒక మాట వినబడింది. పక్క ఇంట్లో మేస్త్రికి మాలు అందిస్తున్న ఒకామె తట్ట దించి, "ఇయ్యాల మీరు మోసేశారు బాగానే ఉంది బాబూ, రేపు మమ్మల్నెవరు పిలుస్తారు?" అంది. పిల్లలు తెల్లబోయారు. ఆమె ఎగతాళికి అనలేదు. మూడు వేల ఇటుకలు మోయడం ఇద్దరు మనుషులకు ఒక రోజు కూలి. ఆ కూలిని మేము ఉచితంగా చేసి ఒక పేద ఇంటికి మిగిల్చామని సంతోషించాం. మరో పేద ఇంటి రాబడిలోంచి తీసి ఇచ్చామని మాకు తోచలేదు.

ఈ అభ్యంతరానికి నేను పూర్తిగా తలవంచుతాను. ఊళ్ళో కూలి దొరికే పనిని సేవ పేరుతో పిల్లల చేత చేయించకూడదు. తాపీ పని, సెంట్రింగు, శ్లాబు పోత, ఇటుక మోత, ఇవన్నీ ఎవరో ఒకరి బతుకుతెరువు. పైగా శ్లాబు పోసే రోజున కొత్తవాళ్ళ గుంపు పని చెడగొట్టడమే కాక, తడికర్రల మీద కాలు జారితే ప్రాణం మీదకు వస్తుంది. పిల్లలకు మిగిలేది కూలి లేని పని. మెరక తడపడం, ఇటుకలను కట్టడానికి ముందు నానబెట్టడం, గోడలకు నీళ్ళు కొట్టడం, సామాను లెక్క రాయడం, కాగితాల వెంట తిరగడం, రాత్రి సిమెంటు బస్తాల మీద పరదా ఉందో లేదో చూడడం. పూర్వం తాటాకిల్లు కప్పు నేసేటప్పుడు నేతగాడికి కూలి ఇచ్చేవారు, ఆకు అందించడానికీ తాళ్ళు తడపడానికీ ఇరుగుపొరుగు వచ్చేవారు. ఆ తేడా మా నాన్నగారి తరానికి ఎవరూ చెప్పకుండానే తెలుసు.

1976లో అమెరికాలో మొదలైన హాబిటాట్ ఫర్ హ్యుమానిటీ అనే సంస్థ మన దేశంలో తొలి ఇళ్ళు కట్టింది మన తెలుగు నేల మీదే, 1983లో ఖమ్మంలో. స్వచ్ఛందంగా వచ్చినవాళ్ళతో పాటు ఇల్లు పొందే కుటుంబం కూడా తన కష్టాన్ని వాటాగా పెట్టడం వాళ్ళ పద్ధతి. అందులో ఇల్లు ఉచితంగా దొరికిందన్న చిన్నతనం కుటుంబానికి ఉండదు కాబట్టి ఆ పద్ధతి నాకు నచ్చుతుంది. అయితే మా కాలనీలో ఆ కష్టపు వాటా పెట్టే మనిషే ఇంట్లో లేకపోవడం అసలు సమస్య. కువైట్‌లో ఉన్న కూతురు డబ్బు పంపగలదు, పొద్దున్నే నీళ్ళు కొట్టలేదు. ఆ ఖాళీలో నిలబడటానికే పిల్లలు కావాలి.

ప్రభుత్వం పని మనమెందుకు చేయాలి

శిబిరం ముగింపు నాడు ఒక లెక్చరరు గారు నాతో ఈ మాటే గట్టిగా అన్నారు. 2016లో మొదలైన ప్రధానమంత్రి ఆవాస్ యోజన గ్రామీణ పథకం మైదాన ప్రాంతాల్లో ఇంటికి 1.20 లక్షల రూపాయలూ, కనీసం 25 చదరపు మీటర్ల విస్తీర్ణమూ నిర్ణయించింది. మన రాష్ట్రంలో 2020 డిసెంబరు 25న మొదలైన ఇళ్ళ కార్యక్రమంలో 1.80 లక్షలు అన్నారు. ఆ సొమ్ముతో డెల్టాలో మెరక చేసి, పునాది లేపి, శ్లాబు వేయడం కుదరదని అందరికీ తెలుసు. పిల్లలు వెళ్ళి ఆ లోటును తమ చెమటతో పూడిస్తే లోటు కనబడకుండా పోతుందనీ, సరిపడా సొమ్ము ఇవ్వమని అడిగే గొంతు తగ్గిపోతుందనీ ఆయన వాదన.

నేను చాలా రోజులు దీని గురించి ఆలోచించాను. ఆయన భయం సరైనదే. కానీ లోటు కనబడకుండా పోయేది పిల్లలు ఒక పూట వచ్చి వెళ్ళిపోయినప్పుడు. ఒక ఇంటిని మొదటి నుంచి చివరి దాకా చూసిన పిల్లవాడి దగ్గర ఒక నోటు పుస్తకం ఉంటుంది. ఏ రోజు ఎన్ని బస్తాలు వచ్చాయి, ట్రాక్టరు కిరాయి ఎంత, ఏ దశ ఫోటో ఎప్పుడు తీశారు, బిల్లు ఎప్పుడు పడింది, మధ్యలో తెచ్చిన అప్పు ఎంత, వడ్డీ ఎంత. ఇలాంటి పుస్తకాలు ఒక్క కాలనీ నుంచి ఇరవై వస్తే, ఆ సొమ్ము చాలదని గ్రామసభలో నోటిమాటగా చెప్పవలసిన అవసరం ఉండదు. మా మేనల్లుడి పుస్తకం చూశాను. ఇసుక ఉచితమేనని అందరూ అంటున్న చోట, రేవు నుంచి ఇంటి ముందు దాకా రావడానికి అయిన ఎగుమతి, దిగుమతి, కిరాయి ఖర్చులు అందులో వేరు వేరు వరుసల్లో ఉన్నాయి. ఆ పేజీని మించిన అర్జీ నేను చూడలేదు.

మంచినీళ్ళు, టీ గ్లాసులు

పిల్లలు మొదటి రోజు కాలనీలోకి వెళ్ళినప్పుడు అక్కడివాళ్ళు "వాలంటీర్లు వచ్చారు" అనుకున్నారు. మన రాష్ట్రంలో ఆ మాటకు 2019 ఆగస్టు 15 నుంచి వేరే అర్థం వచ్చింది: 50 ఇళ్ళకు ఒకరు, నెలకు 5,000 రూపాయల గౌరవ వేతనం. ఇప్పుడు ఆ వ్యవస్థ నడవకపోయినా మాట మిగిలింది. ఒక ముసలాయన తన పింఛను కాగితాలు తెచ్చి ఒక అమ్మాయి చేతిలో పెట్టి, "చూడమ్మా, రెండు నెలలైంది" అన్నాడు. ఆ అమ్మాయి తాము కాలేజీ పిల్లలమని చెప్పి కాగితాలు తిరిగి ఇవ్వలేక, తీసుకుని ఏమి చేయాలో తెలియక చాలాసేపు నిలబడిపోయింది. సాయం చేయడానికి వెళ్ళేవాళ్ళు తాము ఏమి చేయగలరో, ఏమి చేయలేరో మొదటి రోజే చెప్పాలని నాకు అప్పుడు అర్థమైంది.

రెండో సంగతి రాయడానికి కొంచెం సంకోచించాను. ఇటుకలు మోసిన రోజు ఆ పెద్దావిడ అప్పు చేసి పాలు తెప్పించి అందరికీ టీ పెట్టింది. నలభై మందిలో పది పన్నెండు మంది గ్లాసు ముట్టుకోలేదు. ఒకరు ఉపవాసమన్నారు, ఒకరు టీ తాగనన్నారు, ఒకరు కడుపులో బాగోలేదన్నారు. ఆవిడ ఏమీ అనకుండా మిగిలిన టీ గిన్నె మీద మూత పెట్టింది. ఎందుకు తాగలేదో ఆవిడకు తెలుసు, నాకు తెలుసు, ఆ పిల్లలకూ తెలుసు. మన కోనసీమలో ఏ పేట పిల్లలు ఏ పేటకు వెళ్ళి పనిచేస్తారన్నది, అక్కడ మంచినీళ్ళు తాగుతారా లేదా అన్నది ఇల్లు కట్టడంతో సంబంధం లేని విషయం కాదు. ఒక్క పూట వెళ్ళి వచ్చేవాడు ఏదో ఒక సాకు చెప్పి తప్పించుకోగలడు. రెండు నెలలు వెళ్ళేవాడు అక్కడ దాహం వేస్తే అడగకుండా ఉండలేడు. ఆ పన్నెండు మందిలో ఒకడు తరువాత ఆ ఇంటి చూరు కింద కూర్చుని మనవడికి లెక్కలు చెప్పడం, ఆవిడ ఇచ్చిన చెంబు ఎత్తి గటగటా తాగడం నేను చూశాను. అందరూ అలా మారతారని నేను అనలేను.

120 గంటలు

1969 సెప్టెంబరు 24న గాంధీ శతజయంతి సంవత్సరంలో మొదలైన ఎన్.ఎస్.ఎస్.లో చేరిన విద్యార్థి ఏడాదికి 120 గంటల చొప్పున రెండేళ్ళు సేవ చేయాలి. ఏడు రోజుల శిబిరం దీనికి తోడు. ఆ 120 గంటలను మొక్కలు నాటే రోజు, ఊరేగింపు రోజు, శుభ్రత రోజు అని ముక్కలు చేసి ఖర్చుపెడుతున్నాం. అందులో సగం, 60 గంటలు, ఒక ఇంటికి ఇస్తే చాలు. రోజూ పొద్దున్న ఒక గంట చొప్పున అరవై రోజులు. ఇద్దరు పిల్లలు వంతులు వేసుకుంటే ఇంకా సులువు; నాలుగైదు నెలల్లో ఇంటికి నీళ్ళు కావలసిన రోజులన్నీ అందులో సర్దుకుంటాయి.

1996 నవంబరు 6 రాత్రి తుపాను మన కోనసీమను ఊడ్చిపెట్టినప్పుడు నేను హైస్కూలులో ఉన్నాను. వెయ్యి మందికి పైగా పోయారు. కొబ్బరిచెట్లు దారుల మీద అడ్డంగా పడి, వారం దాకా సైకిలు కూడా కదల్లేదు. ఆ తరువాత ఎన్నో ఊళ్ళ నుంచి విద్యార్థులు వచ్చారు, బియ్యం పంచారు, దుప్పట్లు ఇచ్చారు. వాళ్ళ ముఖాలేవీ ఇప్పుడు నాకు గుర్తు లేవు. గుర్తున్నది మా వీధిలో మూడు వారాలు ఉండిపోయిన ఒకే ఒక్క కుర్రవాడు. గోడలు పడిపోయిన ఇళ్ళలో ఎవరిది ఎంత పోయిందో రాసుకుంటూ, నష్టపరిహారం దరఖాస్తులు నింపుతూ, సాయంత్రాలు మా నాన్నగారితో కలిసి మా పాక రాటలు నిలబెడుతూ ఉండేవాడు. ఈ వ్యాసంలోని అభిప్రాయం నాకు బహుశా అప్పుడే ఏర్పడి ఉంటుంది.

పిల్లలు నిలబడతారా అన్నదే నాకు మిగిలిన సందేహం. ఫిబ్రవరిలో మా మేనల్లుడూ అతని స్నేహితురాలూ మరో ముగ్గురూ కలిసి ఆ పెద్దావిడ ఇంటి బాధ్యత తీసుకున్నారు. బిల్లు సంగతి పది రోజుల్లో కదిలింది. మేస్త్రి తిరిగి వచ్చాడు. మార్చి పరీక్షలప్పుడు వరుసగా నాలుగు రోజులు ఎవరూ వెళ్ళలేదు. ఆ నాలుగు రోజులూ కిటికీ పై వరుసల గోడ ఎండిపోయి ఉండడం చూసి మేస్త్రి గారు ఫోను చేసి, "రానప్పుడు రామని చెప్పండి నాయనా, నేను వేరే ఏర్పాటు చేసుకుంటా" అన్నారు. ఆ మాట మా వాడికి బాగా తగిలింది. రెండు రోజులు అన్నం సరిగా తినలేదు. వద్దని మానేస్తాడేమోనని నేను భయపడ్డాను. మానేయకుండా ఐదుగురి పేర్లతో వంతుల కాగితం రాసి ఆ ఇంటి గోడకే అంటించాడు.

ఆవిడకు ఇంటి ముందు అరుగు కావాలని ఎంతో కోరిక. మంజూరైన ప్లానులో అరుగు లేదు. మిగిలిన ఇటుకలతో పిల్లలే దాన్ని కట్టారు. అటు కొస ఇటు కొస కంటే అంగుళం పల్లం వచ్చిందని మేస్త్రి గారు రసమట్టం పెట్టి చూపించి, పై వరుస విప్పించి మళ్ళీ పెట్టించారు. శ్లాబు ఏప్రిల్ మొదటి వారంలో పడింది. అప్పటికి కాలువలు కట్టేయడానికి వారమే గడువు ఉంది, మళ్ళలో నీళ్ళు మాత్రం అంతకంటే ఎక్కువ రోజులు నిలపాలి. పంచాయతీ వాళ్ళను అడిగి మంచినీళ్ళ చెరువు నుంచి తోడుకోవడానికి ఒప్పించారు, అది కూడా తాగేవాళ్ళు బిందెలు నింపుకోకముందే, తెల్లవారుజామున. నాలుగు ప్లాస్టిక్ డ్రమ్ములు మా ఇంటి నుంచే వెళ్ళాయి.

కాలువ కట్టేసిన రోజు రాత్రి పదింటికి మా వాడు వచ్చి, "మావయ్యా, రేపు నాలుగింటికి నా వంతు, నీ సైకిలు నాకు కావాలి" అన్నాడు. వెనక చక్రంలో గాలి లేదని చెప్పాను. పంపు తీసుకుని తనే కొట్టుకున్నాడు.